జాన్ డే ఊళ్ళో ఒక మందుల కొట్టు

(ఫార్మసీ విద్యార్థులు, మందుల షాపుల యజమానులు కలిసి కూర్చున్న ఒక సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

మందుల చరిత్ర మ్యూజియం అనగానే మనకి ఒకే దృశ్యం కళ్ళ ముందుకొస్తుంది. అద్దాల బీరువాలో నీలం రంగు సీసాలు, ఒక ఇత్తడి త్రాసు, కల్వం, గోడ మీద వెలిసిపోయిన ప్రకటన. అవి చూడటం నాకూ ఇష్టమే. కానీ చూసి బయటికొచ్చాక కొన్ని ప్రశ్నలు అలాగే మిగిలిపోతాయి. ఈ మందు ఎవరు కొన్నారు? రొక్కం ఇచ్చారా, అప్పు పెట్టారా? కొట్టాయనకి ఈ సరుకు ఎక్కడి నుంచి వచ్చేది? మందు పనిచేయకపోతే జనం ఏం చేసేవారు? ఇవన్నీ సీసాని అడిగితే చెప్పదు. చిట్టా పుస్తకం చెబుతుంది, ఉత్తరాలు చెబుతాయి, బెంచీ చెబుతుంది.

అందుకే ఈ రోజు, చిట్టాలూ ఉత్తరాలూ వంటపాత్రలతో సహా మొత్తం మందుల కొట్టే మిగిలిపోయిన ఒక చోటు గురించి చెప్పడానికి వచ్చాను. అమెరికాలో ఓరెగన్ రాష్ట్రం, దాని తూర్పు భాగంలో జాన్ డే అనే చిన్న ఊరు. ఆ ఊళ్ళో ఉన్న మ్యూజియం పేరు కామ్ వా చుంగ్. ఒక చిన్న రాతి ఇల్లు, అంతే. మన పల్లెటూళ్ళో ఒక మోస్తరు రైతు ఇల్లు ఇంతకంటే పెద్దదే ఉంటుంది.

ముందు ఆ ప్రాంతం సంగతి. 1862లో అక్కడ కాన్యన్ సిటీ దగ్గర వాగులో బంగారం దొరికింది. ఇంకేముంది, జనం ఎగబడ్డారు. తెల్లవాళ్ళు పైపై బంగారం ఏరుకుని ఇంకో చోటికి వెళ్ళిపోతుంటే, వాళ్ళు వదిలేసిన మట్టిని మళ్ళీ కడిగి, అందులోంచి రేణువులు తీసింది ఎక్కువగా చైనా నుంచి వచ్చిన కూలీలు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చినవాళ్ళే చాలామంది. 1879లో ఆ ప్రాంతంలో జనాన్ని లెక్కపెడితే తెల్లవాళ్ళు 960 మంది, చైనీయులు 2,468 మంది ఉన్నారని లెక్క తేలింది. అంటే మనం సినిమాల్లో చూసే కౌబాయ్‌ల ఊరు నిజానికి చైనీయుల ఊరు.

అంతమంది ఉన్నా చట్టం వాళ్ళ పక్షాన లేదు. తర్వాత వచ్చే చైనీయులు స్థలం గానీ గని హక్కు గానీ సొంతం చేసుకోకూడదని ఓరెగన్ రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 1882లో అమెరికా ప్రభుత్వం చైనా కూలీలను దేశంలోకే రానివ్వకుండా చట్టం తెచ్చింది. వ్యాపారులకి, విద్యార్థులకి మాత్రం కొంత మినహాయింపు ఉండేది. 1885లో వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్‌లో 28 మంది చైనా గని కార్మికులని చంపేశారు. 1887లో ఓరెగన్‌లోనే, స్నేక్ నది లోయలో, 34 మంది దాకా చంపారు. 1885లోనే కాన్యన్ సిటీలో చైనీయులుండే పేట తగలబడింది. వాళ్ళు అక్కడ మళ్ళీ ఇళ్ళు కట్టుకోకుండా, రెండు మైళ్ళ దూరంలోని జాన్ డేకి తరలిపోయారు.

మన కథలో ఇద్దరు మనుషులు ఆ ఊళ్ళో కలిసింది ఆ రోజుల్లో. ఒకరు ఇంగ్ హే, మూలికల వైద్యుడు. రెండోవారు లంగ్ ఆన్, వ్యాపారి. 1880ల చివర్లో వీళ్ళు భాగస్వాములై, దారి పక్కన అప్పటికే ఉన్న ఒక రాతి కట్టడంలోని కొట్టుని చేతిలోకి తీసుకున్నారు. అగ్నిపర్వతం బూడిద గట్టిపడితే వచ్చే రాయితో కట్టిన గోడలు. చిన్న చిన్న కిటికీలు. తలుపుకి ఇనుప రేకు తాపడం. ఆ రేకు ఎందుకు కొట్టించారో, నేను ఇందాక చెప్పిన సంవత్సరాలూ సంఖ్యలూ వింటే ఎవరికైనా అర్థమవుతుంది.

ఇప్పుడు మీరు నన్నొక మాట అడగాలి. ఆ చుట్టుపక్కల తెల్ల డాక్టర్లు ఉన్నారు కదా, మరి గొర్రెల కాపరులు, పశువుల మందలవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు ఒక చైనీయుడి కొట్టుకి ఎందుకు వెళ్ళారు?

దీనికి జవాబు కావాలంటే ఆ కాలపు వైద్యం ఎలా ఉండేదో చూడాలి. పడమటి దారిలో తొలి మందుల పెట్టె అంటే లూయిస్, క్లార్క్ యాత్ర, అంటే పసిఫిక్ తీరం దాకా దారి వెతకడానికి అమెరికా ప్రభుత్వం పంపిన బృందం, మోసుకెళ్ళినది. 1804 నుంచి 1806 దాకా సాగిన ఆ యాత్రలో వాళ్ళు యాభై డజన్ల విరేచనం బిళ్ళలు పట్టుకెళ్ళారు. డాక్టర్ బెంజమిన్ రష్ తయారుచేయించిన బిళ్ళలవి. అందులో ఉండేది కాలమెల్, అంటే పాదరసం లవణం, దానికి తోడు జాలప్ అనే వేరు. జ్వరమొచ్చినా అదే, కడుపునొప్పొచ్చినా అదే. ఒంట్లో ఉన్న చెడంతా కిందికి పోతే రోగం పోతుందన్నది అప్పటి నమ్మకం. ఆ బిళ్ళల ప్రభావం ఎంతంటే, దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత మోంటానాలో వాళ్ళు విడిది చేసిన ఒక చోట పురావస్తు శాఖవాళ్ళు తవ్వితే, మరుగుదొడ్డి గుంటలో పాదరసం జాడ దొరికింది! యాత్రికులు ఫలానా చోటే బస చేశారని నిరూపించడానికి వాళ్ళు మింగిన మందే సాక్ష్యమైంది. టాక్సికాలజీ, అంటే విషాల శాస్త్రం, చదువుతున్నవాళ్ళకి ఇంతకంటే మంచి పాఠం నేను చెప్పలేను.

ఆ తర్వాత వచ్చినవి పేటెంట్ మందులు, అంటే డాక్టరు చీటీ లేకుండా ప్రకటనలతో అమ్ముకున్న రెడీమేడ్ సీసాలు. పళ్ళొచ్చే పసిపిల్లలు ఏడవకుండా ఉండటానికి అమ్మలు పట్టించిన మిసెస్ విన్స్లో సిరప్‌లో మార్ఫిన్ ఉండేది. బిడ్డ ఏడుపు ఆపేది, కొన్నిసార్లు శాశ్వతంగా. ఆడవాళ్ళ నీరసానికి అమ్మిన టానిక్కుల్లో సారా ఉండేది. ఇలాంటి సరుకు ఏదైనా కలిస్తే లేబుల్ మీద రాసి తీరాలని చట్టం వచ్చింది 1906లో. అప్పటిదాకా సీసాలో ఏముందో కొన్నవాడికి తెలియదు, చాలా సందర్భాల్లో అమ్మినవాడికీ తెలియదు.

అలాంటి రోజుల్లో ఇంగ్ హే దగ్గరికి వెళ్ళినవాళ్ళకి ఏం దొరికేది? ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసేవారు. కత్తి లేదు, పాదరసం బిళ్ళ లేదు. రెండు చేతుల నాడీ, ఒక్కో చేతికి మూడు చోట్ల, మూడు వేళ్ళతో. మన ఆయుర్వేద వైద్యులు వాత, పిత్త, కఫాలకి మూడు వేళ్ళు పెట్టడం మీరు చూసే ఉంటారు. శాస్త్రం వేరు, లెక్కలు వేరు, కానీ కూర్చునే తీరు అదే. తర్వాత లోపలికి వెళ్ళి, డబ్బాల్లోంచి ఎండిన వేళ్ళు, బెరళ్ళు, ఆకులు తీసి, పొట్లం కట్టి ఇచ్చేవారు. ఇంటికెళ్ళి మరగబెట్టి తాగాలి. చేదు కషాయం. మనకి ఇది కొత్తేం కాదు, కానీ ఓరెగన్ పశువుల కాపరికి కొత్త.

ఆ ప్రాంతంలో ఆయనకి డాక్ హే అని పేరు స్థిరపడింది. ముళ్ళ తీగె గీసుకుని, పనిముట్టు తెగి, చెయ్యి వాచి, విషం ఎక్కి, ఇక చెయ్యి తీసేయాల్సిందే అన్నవాళ్ళు ఆయన దగ్గరికి వచ్చేవారట. పెన్సిలిన్ జనానికి అందింది 1940ల్లో. అంతకుముందు గాయం చీము పడితే ప్రాణం మీదికి వచ్చినట్టే. అలాంటి కేసుల్లో ఆయన ప్రసిద్ధి. మనవాళ్ళు అంటారే, హస్తవాసి మంచిదని, ఆ మాట పుట్టింది ఇలాంటివాళ్ళ గురించే. 1918-19 ఫ్లూ రోజుల్లో రోడ్డు పనివాళ్ళకి ఆయన కషాయం పట్టించారని, వాళ్ళలో ఎవరూ పోలేదని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక్కడ నేను మీతో సూటిగా మాట్లాడాలి. నేను ఫార్మసిస్టుని. ఆ కషాయాలే అందరినీ కాపాడాయని నేను ఈ వేదిక మీద చెప్పను, చెప్పకూడదు. ట్రయల్ లేదు, మందు ఇవ్వకుండా పోల్చి చూసే కంట్రోల్ గ్రూపు లేదు. రోగికి విశ్రాంతి, వేడినీళ్ళు, గాయం శుభ్రం చేయడం, పథ్యం, వీటి పాలు ఎంతో మందు పాలు ఎంతో విడదీసి చెప్పడానికి లేదు. అవతలి పక్క పాదరసం బిళ్ళ ఉన్నప్పుడు, హాని చేయని కషాయం కూడా చాలా మేలు చేసినట్టే లెక్క. అలాగని కొట్టిపారేయడానికీ లేదు. చైనా మందుల్లోని మా హువాంగ్ అనే మొక్క నుంచి 1885లో జపాన్ శాస్త్రవేత్త నగాయ్ ఎఫిడ్రిన్ వేరు చేశారు. 1920ల్లో అది ఆస్తమా మందుగా ప్రపంచమంతా తిరిగింది. అదే చైనా వైద్య సంప్రదాయంలోని ఇంకో మొక్క నుంచి 1972లో తూ యూయూ బృందం ఆర్టిమిసినిన్ తీసింది. ఆవిడకి 2015లో నోబెల్ వచ్చింది. ఇవాళ మన ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా వచ్చినవాళ్ళకి ఇచ్చే కాంబినేషన్‌లో ఉన్నది ఆ కుటుంబం మందే. కాబట్టి ఆ పాత డబ్బాల ముందు నిలబడ్డప్పుడు భక్తీ వద్దు, చులకనా వద్దు. లేబుల్ చదవండి.

సరే, లోపలికి వెళ్దాం. గైడ్ తీసుకెళ్తే తప్ప లోపలికి వెళ్ళనివ్వరు, అదీ కొద్దిమందిని మాత్రమే. వెలుతురు తక్కువ. కాగితాలూ మూలికలూ పాడవకూడదు కదా. గోడలూ కప్పూ పొగచూరి నల్లబడ్డాయి. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి, అగరొత్తులు, పొగాకు, ఆ పొగంతా అలాగే ఉంది. దాన్ని కడగలేదు, ఎంత మంచి పని చేశారో! ముందు గదిలో కిరాణా సరుకు: డబ్బాల ఆహారం, పొగాకు, టీ. ఒక పక్క వంటగది, పొయ్యి. కూలీలు వచ్చి పడుకోవడానికి గోడకి బిగించిన చెక్క బల్లలు. దేవుడికి ఒక గూడు, అందులో నైవేద్యాలు. మద్యనిషేధం రోజుల్లో దాచిన విస్కీ సీసాలు నేల చెక్కల కింద దొరికాయి.

ఇక మందుల మూల. గోడ పొడవునా అరలు, అరల నిండా డబ్బాలు, అట్టపెట్టెలు, సీసాలు. చాలా వాటి మీద చైనా లిపిలో చేతిరాత. అయిదు వందలకి పైగా రకాల మూలికలు, ఖనిజాలు, జంతు భాగాలు. ఎండిన ఎలుగుబంటి పంజాలు కూడా ఉన్నాయి. చైనా మందుల కొట్టంటే అతిమధురం, దాల్చినచెక్క, అల్లం లేకుండా ఉండదు, కాబట్టి ఆ మూల నిలబడితే మనవాళ్ళకి అంత పరాయితనం అనిపించదు. మన ఊళ్ళో మూలికల కొట్లో త్రికటు, త్రిఫల, కరక్కాయ ఎలా అడుగుతామో అలాంటి లోకమే అది. అదే సమయంలో జాగ్రత్త కూడా. చైనా వైద్యంలోనూ మన రసశాస్త్రంలోనూ ఇంగిలీకం ఉంది, మణిశిల ఉంది, వసనాభి ఉంది. అంటే వరసగా పాదరసం, ఆర్సెనిక్, అకోనైట్ ఉన్న విషాలు. ఇలాంటి పాత మందుల సేకరణలని ముట్టుకునేవాళ్ళు గ్లవ్స్ వేసుకునేది ఆ వస్తువుల్ని కాపాడటానికే కాదు, తమని తాము కాపాడుకోవడానికి కూడా. ఇంకో శత్రువు పురుగు. ఎండు మూలికలంటే దానికి పండగ. షాపులో పసుపు, ధనియాలకి పట్టే చిన్న గోధుమరంగు పురుగు మీరందరూ చూసిందే. అలాంటిది వంద సంవత్సరాల మూలికల డబ్బాలో ఒకటి చేరితే చాలు.

ఈ సరుకంతా జాన్ డేకి ఎలా వచ్చింది? చైనా నుంచి ఓడల్లో సాన్ ఫ్రాన్సిస్కోకి, పోర్ట్‌లాండ్‌కి, అక్కడి చైనా వ్యాపారుల చేతుల మీదుగా బండ్ల మీద కొండలు దాటి లోపలికి. కొట్టులో దొరికిన బిల్లులు, ఉత్తరాలు ఆ దారిని చూపిస్తాయి. దూరంగా ఉన్నవాళ్ళు ఉత్తరం రాసి తమ బాధ చెబితే, పొట్లాలు పోస్టులో వెళ్ళేవి. ఈ రోజు మనం ఆన్‌లైన్ ఫార్మసీ అని గొప్పగా చెప్పుకుంటున్నాం. మందు తపాలాలో పంపడం నూట పాతికేళ్ళ కిందటే ఓరెగన్ కొండల్లో నడిచింది.

ఈ వ్యవహారమంతా నడిపినవారు లంగ్ ఆన్. ఆయన గురించి తక్కువ చెబుతారని నా ఫిర్యాదు. అందరూ వైద్యుడి దగ్గరే ఆగిపోతారు. లంగ్ ఆన్ ఇంగ్లీషు బాగా మాట్లాడేవారు, రాసేవారు. గనులకి, రైతులకి కూలీలని కుదిర్చేవారు. చదువు రాని కూలీలకి ఉత్తరాలు రాసిపెట్టేవారు. గుర్రప్పందేలంటే సరదా. కార్లు వచ్చిన తొలి రోజుల్లోనే జాన్ డేలో కార్ల వ్యాపారంలో దిగారు. వచ్చిన తెల్లాయన ఏం చెబుతున్నాడో డాక్ హేకి, డాక్ హే ఏం చెప్పాడో ఆ తెల్లాయనకి చేరవేసింది ఈయనే. డాక్ హే చూపు వయసుతో పాటు తగ్గిపోతూ వచ్చింది, చివరికి దాదాపు కనబడలేదు. నాడి వేళ్ళకి అందుతుంది కాబట్టి వైద్యం ఆగలేదు. కానీ చట్టం, బ్యాంకు, సరుకు, బాకీ, వీటికి కళ్ళు కావాలి, భాష కావాలి. ఏ మందుల షాపుకైనా ఈ రెండో మనిషి ఉంటాడు. కౌంటర్ వెనక మందు తెలిసినవాడు ఒకడు, లైసెన్సు రెన్యువల్, స్టాకు, డిస్ట్రిబ్యూటర్ బాకీలు చూసుకునేవాడు ఇంకొకడు. ఈ సభలో వెనక వరసలో కూర్చున్న షాపులవాళ్ళకి నేనేమంటున్నానో తెలుసు.

లైసెన్సు మాటెత్తాం కాబట్టి, అదీ చెప్పేస్తాను. 1900ల మొదట్లో, లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నారని డాక్ హే మీద కేసు పెట్టారు. వెనక ఉన్నది పోటీ డాక్టర్లు. చట్ట ప్రకారం చూస్తే నేరం నిజమే, ఆయన దగ్గర లైసెన్సు లేదు. జ్యూరీలో కూర్చునేది మాత్రం స్థానికులు. వాళ్ళో, వాళ్ళ ఇంట్లోవాళ్ళో ఆయన దగ్గర మందు తిన్నవాళ్ళు. శిక్ష వేయడానికి ఒప్పుకోలేదు. చైనీయులని దేశంలోకి రావద్దన్న చట్టం అమల్లో ఉన్న రోజుల్లో, అదే దేశంలో ఒక మారుమూల కౌంటీ ప్రజలు ఒక చైనీయుడిని వదులుకోలేదు. లైసెన్సు లేని వైద్యాన్ని నేను సమర్థించను. మీరు కూడా ఎక్కడా సమర్థించకండి. కానీ ఆ కోర్టు గదిలో మందుల షాపుకీ ఊరికీ ఉండే సంబంధం ఏమిటో తేలింది. అది నాకు విలువైన విషయం.

ఇప్పుడు నా మనసుకి బాగా దగ్గరైన వస్తువు దగ్గరికి వస్తున్నాను. మూలికల డబ్బా కాదు. డాక్ హే మంచం కింద దొరికిన పెట్టె. ఆయన పోయాక, ఇల్లు తెరిచి చూసినప్పుడు, ఆయన బ్యాంకులో వేయని చెక్కులు బయటపడ్డాయి. మొత్తం దాదాపు 23,000 డాలర్లు. ఆ రోజుల్లో అదొక ఆస్తి. రోగులు ఫీజు కింద రాసిచ్చిన చెక్కులు. పేదవాళ్ళని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక మార్చుకోలేదని మ్యూజియంలో చెప్తారు. కరువు రోజుల్లో, 1930ల ఆర్థిక మాంద్యం కాలంలో, బ్యాంకుకి వేస్తే అది తిరిగొచ్చి రాసిచ్చినవాడి పరువు పోతుందని తెలిసే ఉంటుందంటారు. చూపు లేని మనిషి, ఇంగ్లీషు చదవలేని మనిషి, బ్యాంకు పనికి భాగస్వామి మీద ఆధారపడ్డ మనిషి, 1940లో లంగ్ ఆన్ పోయాక ఆ పని కుంటుపడటం కూడా సహజమే అని నాకనిపిస్తుంది. రెండూ కలిసే ఉండొచ్చు. ఏదేమైనా, నేను అంటున్నది ఇదే: మూలికల సీసాలు మాత్రం తీసి అద్దాల బీరువాలో పెట్టి, మంచం కింది చెత్తంతా ఊడ్చేసి ఉంటే, ఈ ప్రశ్న పుట్టేదే కాదు.

చెక్కుల పక్కన ఉత్తరాలు. ఇద్దరికీ చైనాలో భార్యాబిడ్డలున్నారు. ఇంటికి రమ్మని అక్కడినుంచి ఉత్తరాలు వచ్చాయి. ఇద్దరూ మళ్ళీ వెళ్ళలేదు. ఆ కొట్టుకి చేరిన మిగతా కూలీల ఉత్తరాలూ ఉన్నాయి, అందుకోవాల్సిన మనిషి అప్పటికే ఎక్కడికో వెళ్ళిపోయినవి. చైనీయులని రానివ్వని చట్టం 1943లో రద్దయింది. అప్పుడు కూడా సంవత్సరానికి 105 మందికే అనుమతి. అప్పటికి లంగ్ ఆన్ లేరు. డాక్ హే ముసలివారు.

ఇది వింటుంటే మన ఔషధ శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తుకు రాకుండా ఉండరు. భీమవరంలో పుట్టి, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1923లో అమెరికా వెళ్ళారు. లెడర్లీ మందుల కంపెనీలో ఆయన చేసిన పనులు మీ ఫార్మకాలజీ పుస్తకంలో ఉన్నాయి, నేను మళ్ళీ చెప్పను. ఆ దేశంలో భారతీయులకి పౌరసత్వం దక్కే చట్టం 1946 దాకా రాలేదు. ఆయన 1948లో న్యూయార్క్‌లో చనిపోయారు. ఆయన భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు, ఆయన తిరిగి రాలేదు. మందుల చరిత్రని కాంపౌండ్ల చరిత్రగా చదివితే ఈ మనుషులు కనబడరు.

ఇంతకీ ఆ కొట్టు అంత చెక్కుచెదరకుండా ఎలా మిగిలింది? 1948లో డాక్ హే పడి తుంటి ఎముక విరిగింది. పోర్ట్‌లాండ్ తీసుకెళ్ళారు. మళ్ళీ వస్తాననే తలుపు వేసి వెళ్ళారు. రాలేదు. 1952లో పోయారు. ఆయన బంధువు, ఆయన దగ్గరే వైద్యం నేర్చుకున్న బాబ్ వా, ఆ ఇంటిని ఊరి మునిసిపాలిటీకి ఇచ్చేశారు, మ్యూజియం చేయాలన్న షరతుతో. ఊరు ఆ సంగతి మరిచిపోయింది! 1960ల చివర్లో పక్కన పార్కు కోసం స్థలాలు చూసుకుంటుంటే, ఈ ఇల్లు తమదేనని తేలింది. తలుపు తీస్తే లోపల దాదాపు ఇరవై ఏళ్ళ కిందటి రోజు అలాగే ఉంది. గాలి పొడిగా ఉండే ప్రాంతం కాబట్టి మూలికలు బూజు పట్టలేదు. రాతి గోడలు, ఇనుప తలుపు కాబట్టి ఎలుకలూ దొంగలూ పెద్దగా చొరబడలేదు. మన కోస్తాలో ఆ కొట్టు ఉండి ఉంటే మొదటి రెండు వానాకాలాల్లో ఆ కాగితాలు ముద్దయిపోయేవి.

1973లో అమెరికా చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. 2005లో జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించారు. ఇప్పుడు ఓరెగన్ రాష్ట్ర పార్కుల శాఖ చూస్తోంది. నన్నడిగితే ఆ ప్రకటనల కంటే బాబ్ వా పెట్టిన షరతే గొప్పది. అమ్ముకుంటే స్థలానికి ఎంతోకొంత వచ్చేది.

కాగితం విలువ గురించి ఇంకో ఉదాహరణ చెప్పాలి, ఇది పడమటి మారుమూల ఊరిది కాదు, వర్జీనియాలో అలెగ్జాండ్రియా పట్టణంలోది. స్టేబ్లర్-లెడ్‌బీటర్ అని పాత మందుల షాపు, 1792లో మొదలై 1933లో మూతపడింది, అది కూడా ఇప్పుడు మ్యూజియం. అక్కడ సీసాలు బోలెడున్నాయి, చక్కని గాజు. కానీ జనం ఆగి చూసేది ఒక చీటీ. 1802లో మౌంట్ వెర్నాన్ నుంచి, అంటే వాషింగ్టన్ కుటుంబం ఇంటి నుంచి, వచ్చిన చీటీ అది: జార్జ్ వాషింగ్టన్ భార్య మార్తాగారికి మంచి ఆముదం ఒక సీసా పంపమని. అమెరికా తొలి అధ్యక్షుడి ఇంట్లో కూడా మన అమ్మమ్మల ఆముదమే! ఆ చీటీ చింపి పారేసి ఉంటే అది ఏదో ఒక ఆముదం సీసాగానే మిగిలేది.

ఇప్పుడు మన సంగతి. మన ఊళ్ళలో డాక్టర్ పక్కన కాంపౌండర్ ఉండేవారు. ఎర్ర మిక్చర్ కలిపి సీసాలో పోసి, సీసా పక్కన కాగితం పట్టీని పళ్ళు పళ్ళుగా కత్తిరించి అంటించేవారు, ఒక్కో పన్నుకి ఒక్కో మోతాదు. చదువు రాని అవ్వకి కూడా ఎంత తాగాలో తెలిసే లేబుల్ అది. పేషెంట్ కౌన్సెలింగ్ అని ఇవాళ ఒక పేపర్ పెట్టి చెప్తున్నాం, ఆ కాగితం పట్టీ చేసింది అదే పని. అలాంటి సీసా పట్టీతో సహా మీలో ఎంతమంది చూశారు? చేతులెత్తండి. ...చూశారా, అన్నీ వెనక వరసల చేతులే.

మన షాపు రిజిస్టర్లు చట్టం ప్రకారం చివరి ఎంట్రీ నుంచి రెండేళ్ళు దాచాలి. షెడ్యూల్ హెచ్1, అంటే కొన్ని యాంటీబయాటిక్స్ లాంటి మందులకి వేరుగా రాసే రిజిస్టరైతే మూడేళ్ళు. ఆ తర్వాత? తూకానికి వేసేస్తాం. నేను కూడా వేశాను, ఇక్కడున్న షాపులవాళ్ళు అందరూ వేశారు, గోడౌన్‌లో చోటుండదు కదా. పేషెంట్ల పేర్లు బయటపెట్టమని నేను అనడం లేదు. అది తప్పు. కానీ మీ తాతగారి షాపు 1950ల నాటిదైతే, అప్పటి కొనుగోలు బిల్లులు, స్టాకు పుస్తకం, డిస్ట్రిబ్యూటర్ల ఉత్తరాలు, ధరల పట్టీలు, వాటిల్లో రోగుల పేర్లుండవు. పెన్సిలిన్ మన తాలూకా కేంద్రానికి ఎప్పుడు చేరింది, ధర ఎంత, మొదట్లో ఎన్ని సీసాలు తెప్పించారు, ఇవన్నీ అందులో ఉంటాయి. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. మీ కాలేజీ ఫార్మకోగ్నసీ (మూలికా మందుల శాస్త్రం) మ్యూజియంలో ఎండుమొక్కల పక్కన ఒక బీరువా వీటికి కేటాయించమని ప్రిన్సిపాల్ గారిని ఇక్కడే అడుగుతున్నాను. ఒక్క బీరువా చాలు. నాఫ్తలీన్ ఉండలు కాదు, సిలికా జెల్ సంచులు పెట్టండి. ఫొటోలు తీసి ఒక కాపీ లైబ్రరీలో ఉంచండి. ఫైనలియర్ ప్రాజెక్టుకి టాపిక్ దొరకడం లేదని టెన్షన్ పడేవాళ్ళకి ఇదే ఒక టాపిక్: ఒక ఊరు, ఒక పాత షాపు, ఒక పదేళ్ళ కొనుగోలు బిల్లులు.

మీలో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్ళేవాళ్ళున్నారు. పోర్ట్‌లాండ్ వైపు వెళ్తే, జాన్ డే అక్కడి నుంచి కారులో దాదాపు అయిదు గంటలు. శీతాకాలం మూసేస్తారు, వేసవి నెలల్లో ప్లాన్ చేసుకోండి. టికెట్ లేదు. ఆ చుట్టుపక్కల శిలాజాల పార్కు కూడా ఉంది, ఒక రోజు చాలదు. గైడ్ మూలికల డబ్బాల దగ్గర నిలబెట్టి చెప్తుంటే వినండి, తర్వాత మంచం ఎక్కడో, చెక్కులు దొరికిన చోటు ఎక్కడో అడిగి చూడండి. డాక్ హే, లంగ్ ఆన్ ఇద్దరి సమాధులూ ఆ ఊళ్ళోనే ఉన్నాయి, అక్కడికీ వెళ్ళండి.

నాకిచ్చిన టైమ్ అయిపోయింది. ఇక మీ ప్రశ్నలు. మూలికల గురించే కాకుండా చిట్టాల గురించి కూడా అడగండి, చెప్తాను.